చెకాలోవ్ కోటలో పదమూడో జత

ప్రాగ్ నగరం నుంచి దక్షిణంగా రైల్లో రెండున్నర గంటలు, అక్కడినుంచి బస్సులో నలభై నిమిషాలు ప్రయాణం చేస్తే చెకాలోవ్ కోట కింది పల్లె వస్తుంది. అక్కడ దిగి తల ఎత్తితే చాలు, ఎవరినీ దారి అడగనక్కర్లేదు. మూడు వైపులా లోయ, నాలుగో వైపు రెండు వందల పధ్నాలుగు రాతి మెట్లు, మెట్ల చివర గుండ్రటి బురుజుతో తెల్లటి కోట కనిపిస్తుంది. మెట్ల మొదట్లో ఒక చిన్న పూటకూళ్ళ ఇల్లు ఉంది. అక్కడ వేడివేడి వెల్లుల్లి చారు పోస్తారు. మన చారుకి అలవాటు పడ్డ నోటికి అది కాస్త చప్పగానే ఉంటుంది గానీ, పైన గదుల్లో చలి ఎముకలు కొరుకుతుంది కనుక తాగి వెళ్ళడం మంచిది.

కోటలోకి ఒక్కో విడతకి పన్నెండు మందినే పంపుతారు. పదమూడో మనిషి ఎంత బతిమాలినా లాభం లేదు. మొదటి గది గుమ్మం దగ్గర చెక్క అరలో పదమూడు జతల ఉన్ని జోళ్ళు వరుసగా పెట్టి ఉంటాయి. ఉన్నిని అణిచి మందంగా కుట్టిన జోళ్ళవి. మన బూట్లు విప్పకుండా వాటిమీదనే తొడుక్కోవాలి. లోపలి ఏడు గదుల్లోనూ రంగురంగుల చెక్క ముక్కలతో ముగ్గు పరిచినట్టు నేల పరిచారు. దానికి గీత పడకూడదని ఈ ఏర్పాటు. తొడుక్కున్నాక నడక రాదు, జారుతూ పోవాల్సిందే. నలభై దాటినవాళ్ళు కూడా పది అడుగులు వేసేసరికి పిల్లల్లా నవ్వడం మొదలుపెడతారు.

అరలో చివరనున్న పదమూడో జత మాత్రం ఎవరూ ముట్టకూడదు. అది అన్నిటికన్నా పెద్దది, కొత్తగా మెరుస్తూ ఉంటుంది. మనవాళ్ళు "నా కాలికి అదైతే సరిగ్గా సరిపోతుంది" అంటూ ముందు దానిమీదే చెయ్యి వేస్తారు. కోట చూపించే జార్మిలా అనే ఆవిడ ఎంతో మర్యాదస్తురాలు. అయినా ఆ ఒక్క సందర్భంలో చెయ్యి పట్టుకుని మరీ ఆపుతుంది.

ఏడు గదులూ ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వెనక తలుపు తాళం వేశాకే ముందు తలుపు తీస్తారు. ఏడో గది బురుజులోది, దాని తర్వాత మరి దారి లేదు. ఆ గది గడప లోపల, తలుపు వైపు తిరిగి రెండు పాదాలు ఉన్నాయి. లేత పసుపు చెక్కలో ఎవరో చెక్కి నేలలో పొదిగిన వట్టి పాదాలు. ఐదేసి వేళ్ళు, ఎడమ మడమ మీద ఒక పగులు స్పష్టంగా కనిపిస్తాయి. వాటి అంచులు మాత్రం మసి తగిలినట్టు నల్లగా ఉంటాయి. పాదాలను చూడగానే మనవాళ్ళ చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. ఇవి ఏ దేవుడి పాదాలని చాలామంది అడుగుతారు. ఇవి దేవుడివి కావు. ఎవరివో, ఎందుకు తలుపు వైపు తిరిగి ఉన్నాయో తెలియాలంటే ఈ కథ వినాలి.

పూర్వం ఇక్కడ హినెక్ అనే దొర ఏలుబడి సాగింది. మూడు వందల ఏళ్ళ కిందటి మాట. అప్పుడు దీనికి చెకాలోవ్ అనే పేరు లేదు, చుట్టుపక్కలవాళ్ళు ఉత్తినే తెల్లకోట అనేవారు. హినెక్ దొర చెడ్డవాడని చెప్పలేం. కానీ వస్తువు మీద ఉన్న ప్రేమ మనిషి మీద ఉండేది కాదు. ఎక్కడో ఒక రాజమందిరంలో అద్దంలాంటి చెక్క నేలను చూసి వచ్చి, అంతకు మించినది తన కోటలో ఉండాలని పట్టుబట్టాడు. దేశమంతా వెతికించి కిలియాన్ అనే పనివాడిని పిలిపించాడు.

కిలియాన్‌ది చిత్రమైన పద్ధతి. నేలను కంటితో చూసేవాడు కాదు, కాలితో చూసేవాడు. ముక్క పొదిగాక జోళ్ళు లేకుండా దానిమీద నెమ్మదిగా నడిచేవాడు. వెంట్రుకంత ఎత్తు లేచినా అరికాలికి తెలిసిపోయేది. వెంటనే బోర్లా పడుకుని ఉలి అందుకునేవాడు. ముప్పై ఏళ్ళుగా కొయ్యసుత్తి దెబ్బలు విని విని చెవులు సగం మొద్దుబారాయి. పిలిస్తే పలికేవాడు కాదు, దగ్గరికి వెళ్ళి భుజం తట్టాలి.

అతని భార్య అపొలెనా. భర్తతో పాటు ఈ కోటకు వచ్చి, ఇక్కడే తాళపుచెవుల పనిలో కుదిరింది. ఏడు గదుల చెవుల గుత్తి ఆమె నడుముకు వేలాడేది. నేలకు గీత పడకుండా అతిథులు తొడుక్కోవాలని ఉన్ని జోళ్ళు కుట్టిందీ ఆమే. ముక్కుమీద కోపం గల మనిషి, కానీ పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. దొర ఆమెకు మూడు ఆజ్ఞలు ఇచ్చాడు. గాలి ఆడితే చెక్క ఉబ్బుతుంది కనుక రెండు తలుపులు ఒకేసారి తెరిచి ఉండకూడదు. సేవకులు అతిథుల ముఖంలోకి చూడకూడదు, కళ్ళు నేలమీదే ఉండాలి. ఎందరు లోపలికి వెళ్ళారో అందరూ బయటికి వచ్చారని చూసుకునే తాళం వెయ్యాలి.

ముఖాలు చూడకుండా మనుషుల్ని లెక్కపెట్టడం ఎలా? అపొలెనా జోళ్ళు లెక్కపెట్టేది. పన్నెండు జతలు వెళ్ళాయి, పన్నెండు జతలు వచ్చాయి, తాళం పడింది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పలేదు. ఆ మాట ఆమె అప్పుడప్పుడూ గర్వంగా చెప్పుకునేది కూడా.

ఆ ఆరేళ్ళూ మొగుడూ పెళ్ళాల మధ్య తగవు ఒక్కటే. చలికాలం వట్టి కాళ్ళతో తిరుగుతున్నాడని ఆమె బాధ. అతని మడమలు బీటలు వారి నెత్తురు కారేవి. చివరి ఏడాది ఆమె ఓపిగ్గా కూర్చుని, అతని కాలి కొలతకు అన్నిటికన్నా మెత్తని ఉన్నితో ఒక జత కుట్టింది. నవంబరు పదకొండున వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ రోజు పొద్దున్నే, ఆ ఏటి మొదటి మంచు పడుతుండగా, దాన్ని అతని ముందు పెట్టింది.

"తొడుక్కుని చూడు. నీకోసం నెల రోజులు కుట్టాను" అంది.

కిలియాన్ జోళ్ళను తిరగేసి మరగేసి చూశాడు. "బాగున్నాయే. కానీ నాకెందుకు? వీటిలో కాలు పెడితే నాకు కళ్ళకు గంతలు కట్టినట్టుంటుంది" అని నవ్వి, పక్కన పెట్టేశాడు.

ఆ నవ్వుకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నెల రోజుల కష్టం నీకు నవ్వులాటగా ఉందా? సరే, వెళ్ళు. ఈ రోజు నుంచి జోళ్ళు లేని కాళ్ళను నేను లెక్కపెట్టను. ఎటు పోతావో పో."

"నా పని అయిపోయింది. మధ్యాహ్నానికల్లా బయల్దేరి ఇటునుంచి ఇటే అవతలి సంస్థానానికి వెళ్ళిపోతాను. చలికాలమంతా అక్కడే పని. అప్పటికి నీ కోపం చల్లారుతుందిలే" అని అతను ఉలుల సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "చలి ముదరగానే కొత్త నేల చప్పుడు చేస్తుంది. మూడు నాలుగు రోజులు టకటకలాడి సర్దుకుంటుంది. ఒంటరిగా ఉన్నానని భయపడకు" అని కూడా చెప్పాడు.

ఆ రోజే దొర చలికాలం గడపడానికి కుటుంబంతో నగరానికి వెళ్తున్నాడు. వెళ్ళేముందు చివరిసారిగా పదకొండు మంది అతిథులకు నేల చూపించాలని తలపెట్టాడు. అపొలెనా ఏడు తాళాలూ ముందే తీసి తలుపులు దగ్గరగా వేసి ఉంచింది. కళ్ళు దించుకుని మొదటి తలుపు తీసి నిలబడింది. అతిథుల కంటే ముందు, వట్టి పాదాలు రెండు ఆమె కళ్ళ ముందు నుంచి లోపలికి వెళ్ళాయి. ఎడమ మడమ మీద పగులు. ఎవరివో ఆమెకు తెలుసు. ఏడో గదిలో ఏదో ముక్క లేచిందని కాలికి అనుమానం వచ్చి ఉంటుంది. తల ఎత్తి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె ఎత్తలేదు. పొద్దున అన్న మాట మీద నిలబడింది.

తర్వాత దొరతో కలిపి పన్నెండు జతలు వెళ్ళాయి. దొర ప్రతి గదిలోనూ ఆగి, ఏ ముక్క ఏ చెట్టుదో వర్ణిస్తూ పోయాడు. ఏడో గదిలో ఒక మూల మనిషెత్తు మట్టి పొయ్యి ఉంది. గది వెచ్చబడటానికి కట్టింది. దాని వెనక, గోడ వారగా, కిలియాన్ బోర్లా పడుకుని చెక్కుతున్నాడు. అతనికి ఎవరి మాటలూ వినపడలేదు. నేల చూడటానికి వచ్చినవారికి పొయ్యి వెనక చూడవలసిన పని లేకపోయింది. అపొలెనా గడప దగ్గరే ఆగింది. పని చూసుకుని ఎప్పుడో ముందే బయటపడి ఉంటాడు, చెప్పకుండా వెళ్ళిపోయాడు మొండివాడు, అనుకుంది. పన్నెండు జతలు బయటికి వచ్చాయి. తాళం వేసింది. ఒక్కొక్కటిగా ఏడు తాళాలూ వేసి, దొర చేతికి గుత్తి ఇచ్చింది. చలికాలం చెవులు దొర దగ్గరే ఉండటం ఆ ఇంటి రివాజు. బండ్లు మంచులోకి కదిలి వెళ్ళిపోయాయి.

కోటలో ఇక అపొలెనా ఒక్కతే. సింహద్వారం పక్కనున్న చిన్న గదిలో ఆమె ఉండేది.

మర్నాడు పొద్దున చప్పుడు వినపడింది. టక్, టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ మూడు. ఎక్కడో లోపల, గోడలకు అవతల. అపొలెనా ఉన్ని వడుకుతూ చెవి ఒగ్గి వింది. "అప్పుడే మొదలుపెట్టావా? నీ యజమాని ఒక్క మాట చెప్పకుండా పోయాడు. నువ్వైనా పలకరించావు" అని ఆ చప్పుడుతోనే మాట్లాడింది. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు ఆమెకు తోడుగా అనిపించింది. రెండో రోజు చప్పుడు ఎక్కువైంది, మధ్యాహ్నమంతా ఆగలేదు. "కోపంలో నాకన్నా ఘనంగా ఉన్నావే" అని నవ్వుకుంది. మూడో రోజు అడపాదడపా వినపడింది. నాలుగో రోజు ఒక్కసారే, చాలా నెమ్మదిగా. ఐదో రోజు ఏమీ లేదు.

"సర్దుకుంది" అనుకుంది అపొలెనా.

చలికాలమంతా ఆమె అవతలి సంస్థానం నుంచి కబురు వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ఒక రోజు తిట్టుకుంది, ఒక రోజు ఏడ్చింది. కోపం పూర్తిగా పోయాక, అతను వస్తే ముందు అన్నం పెట్టి తర్వాతే మాట్లాడాలని నిశ్చయించుకుంది. వసంతంలో మంచు కరిగి దొర బండ్లు తిరిగొచ్చాయి. గుత్తి ఆమె నడుముకు చేరింది. ఆమె ఒక్కో తలుపూ తీసుకుంటూ, మైనం వాసన పీలుస్తూ, ఏడో గది తలుపు తోసింది. తలుపు ఏదో బరువుకు తగిలి ఆగిపోయింది.

కిలియాన్ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. చలికి ఒళ్ళు చెడలేదు. నిద్రపోతున్నవాడిలాగే ఉన్నాడు. ఓక్ చెక్క తలుపు లోపలి వైపు, చెయ్యి అందినంత మేర సుత్తి దెబ్బలతో గుంటలు పడింది. కిటికీకి ఇనుప కమ్మీలు, కిటికీ కింద వంద నిలువుల లోయ. లేచిన ముక్కను సరిచేసి, గది పని పూర్తి చేశాడు. మిగిలిన బేరి చెక్కతో తన పాదాలను తానే చెక్కి, గడప లోపల తలుపు వైపు తిప్పి పొదిగాడు. తాను లోపలే ఉన్నానని చెప్పడానికి అతనికి మరో దారి తోచి ఉండదు. అపొలెనా నేల మీద కూలబడి, ఆ పగుళ్ళ మడమను ఒళ్ళో పెట్టుకుని, నాలుగు రోజుల చప్పుడునూ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంది. తను మాట్లాడిన ప్రతి మాటా గుర్తొచ్చింది.

శవాన్ని ఊరి వల్లకాట్లో పూడ్చారు. దొర రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగాడు. మూడో రోజు, "జరగకూడనిది జరిగింది. పని ఆగకూడదు కదా" అన్నాడు. మళ్ళీ అతిథులు వచ్చారు. అప్పుడే వింతలు మొదలయ్యాయి.

పన్నెండు జతలు గదుల్లోకి వెళ్ళేవి. ఉన్ని జోళ్ళకు చప్పుడు ఉండదు, మహా అయితే నేల మీద ఎవరో గుడ్డ ఈడ్చినట్టు ఉంటుంది. ఆ మెత్తని రాపిడి మధ్య మరో నడక వినపడేది. తడి అరికాలు చెక్కకు అంటుకుని విడివడుతున్న చప్పుడు. అందరూ ఆగితే అదీ ఒక అడుగు ఆలస్యంగా ఆగేది. అతిథులు ఒకరి కాళ్ళు ఒకరు చూసుకునేవారు. వాళ్ళు వెళ్ళాక పొద్దుటి వెలుగులో చూస్తే, మైనం మీద వట్టి పాదాల అచ్చులు గది గదికీ ఉండేవి. అన్నీ తలుపు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయేవి. గడప దాటిన అచ్చు ఒక్కటీ లేదు. అపొలెనా రోజూ వాటిని తుడిచేది. తుడిచినప్పుడల్లా చేతికి చల్లగా తగిలేవి.

ఒక మిట్టమధ్యాహ్నం ఆమె ఏడో గది తలుపుకు ఆనుకుని కునుకు తీసింది. కలలో కిలియాన్ పాదాలు మాత్రమే కనిపించాయి, ముఖం కనిపించలేదు. "అపొలెనా, నేల సర్దుకోలేదు" అన్నాడు. ఆమె ఏడుస్తూ, ఏం చెయ్యమంటావని అడిగింది. "అడుగు. నేనున్నానా అని ఒక్కసారి అడుగు. నన్ను లెక్కలో వెయ్యి" అన్నాడు. మెలకువ వచ్చేసరికి తలుపు అవతల, సరిగ్గా ఆమె వీపు ఆనిన చోట, మూడు సార్లు చప్పుడైంది.

మర్నాటి నుంచి ఆమె తాను కుట్టిన జతను అరలో పదమూడోదిగా పెట్టసాగింది. దొర కళ్ళు దానిమీద పడ్డాయి. ఎవరివని అడిగాడు. ఉన్న మాట చెప్పింది.

"చచ్చినవాడికి జోళ్ళేమిటి? ఈ పిచ్చి అతిథులకు తెలిస్తే నా కోట గడప ఎవరైనా తొక్కుతారా? తీసి పారెయ్" అని దొర మండిపడ్డాడు. అంతటితో ఆగలేదు. గడప దగ్గరి పాదాలే ఈ గొడవకంతటికీ మూలమని, వాటిని పెకలించమని ఊరి వడ్రంగిని పిలిపించాడు. ఆ వడ్రంగి పాదాలను చూసి, టోపీ తీసి చేత పట్టుకుని, తన వల్ల కాదని వెళ్ళిపోయాడు. దొర నగరం నుంచి వేరే మనిషిని రప్పించి పని కానిచ్చాడు. ఊడదీసిన పాదాలను, చలి మొదలై పొయ్యి వెలిగించగానే కాలిపోతాయిలెమ్మని, మూలనున్న మట్టి పొయ్యిలోనే పడేయించాడు. నేలలో పాదాల ఆకారంలో రెండు గుంటలు మిగిలాయి.

అపొలెనా జోళ్ళను పారెయ్యలేదు. నడుముకు కట్టుకున్న గుడ్డలో దాచుకుంది.

మర్నాడు తనతో కలిపి పన్నెండు జతలతో దొర మళ్ళీ ఏడు గదులూ తిప్పాడు. ఏడో గదిలోకి రాగానే ఆజ్ఞ ప్రకారం అపొలెనా వెనక తలుపు తాళం వేసింది. మాటలయ్యాయి. బయటికి వెళ్దామని దొర సైగ చేశాడు. ఆమె చెవి తిప్పింది. తాళం తెరుచుకున్న చప్పుడు అందరికీ వినపడింది, తలుపు మాత్రం కదల్లేదు. ఇద్దరు మగవాళ్ళు పిడి పట్టుకుని బలంగా లాగారు. ఊహూఁ. ఎండ కిటికీ కమ్మీల మధ్య నుంచి నేల మీద చారలుగా పడుతోంది. బయట లోయలో పిట్టలు అరుస్తున్నాయి. పట్టపగలు, ఊపిరి వదిలితే పొగలా కనిపించేంత చలి గదిలో కమ్ముకుంది.

అప్పుడు తలుపు మీద చప్పుడైంది. టక్, టక్, టక్. ఈసారి అది బయటి నుంచి వచ్చింది.

"ఎవరది? ఎవడ్రా అక్కడ?" అని దొర అరిచాడు. బయట ఎవరూ ఉండే అవకాశమే లేదని అపొలెనాకు తెలుసు. ఆరు గదుల తలుపులూ తన చేతులతో తానే తాళం వేసి వచ్చింది. అతిథులతో పాటు వచ్చిన దొర భార్య పొయ్యి పక్కన కూలబడింది. చప్పుడు మళ్ళీ వచ్చింది. తొందర లేదు, కోపం లేదు. ఎవరైనా పలికేదాకా ఉంటానన్నట్టు ఓపిగ్గా మూడు దెబ్బలు, కాస్త విరామం, మళ్ళీ మూడు. అపొలెనాకు ఆ లయ బాగా తెలుసు. ఉన్ని వడుకుతూ నాలుగు రోజులు విన్నది అదే.

ఆమె ఆరేళ్ళలో మొదటిసారి తల ఎత్తి దొర ముఖంలోకి చూసింది. దొర కూడా అందరిలాంటి మనిషే, పెదవులు నీలంగా మారి ఉన్నాయి.

"దొరా, జోళ్ళు విప్పండి. పాదాలను పొయ్యిలోంచి మీ చేత్తో మీరే తీసి, ఉన్నచోట పెట్టండి" అంది.

"నువ్వు నాకు చెబుతున్నావా?" అన్నాడు గానీ అతని గొంతులో పస లేదు. టక్, టక్, టక్. దొర జోళ్ళు విప్పాడు. వట్టి కాళ్ళతో నడిచి పొయ్యి తలుపు తెరిచి, బూడిదలోకి మోచేతుల దాకా చేతులు దూర్చాడు. నిండా మసి పట్టిన పాదాలను తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని గుంటల్లో అమర్చాడు. ఒక్క సుత్తి దెబ్బ కూడా లేకుండా అవి వాటంతటవే ఒదిగిపోయాయి. ఆ మసి అంచులు ఈనాటికీ పోలేదు.

అపొలెనా నడుము గుడ్డలోంచి ఉన్ని జోళ్ళు తీసి ఆ పాదాల మీద ఉంచింది. తర్వాత ఒక్కొక్కరి ముందూ నిలబడి ముఖంలోకి చూస్తూ అడిగింది. "మీరున్నారా?" ఒక్కొక్కరే "ఉన్నాను" అన్నారు. దొర కూడా అన్నాడు. పన్నెండు మందీ అయ్యాక ఆమె తలుపు వైపు తిరిగింది. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఆ గొంతులో బయటపడింది.

"కిలియాన్! ఆ రోజు నీ కాళ్ళు చూశాను. చూసి కూడా కోపంతో లెక్కపెట్టలేదు. నీ చప్పుడు విని నేల అనుకున్నాను. తప్పు నాదే. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వున్నావా?"

ఒకే ఒక్క దెబ్బ వినపడింది. అది తలుపు మీద కాదు, లోపలే, ఆమె కాళ్ళ పక్కన చెక్క మీద. తలుపు దానంతటది తెరుచుకుంది. అవతల గదిలో ఎవరూ లేరు, ఎండ మాత్రం ఉంది.

ఆమె అందర్నీ ముందు నడిపించి, ప్రతి గడప దగ్గరా ఆగి అదే ప్రశ్న అడుగుతూ, పదమూడు లెక్కపెట్టాకే తాళం వేస్తూ వచ్చింది. ఉన్ని జోళ్ళను ఆమె ఏడో గదిలోనే, పాదాల మీదే వదిలి వచ్చింది. మొదటి గది గుమ్మం దాటి అర వైపు చూసింది. పన్నెండు ఖాళీ గళ్ళ చివర, పదమూడో గడిలో ఆ జత ఉంది. చేతిలోకి తీసుకుని తిరగేసింది. కొత్త అడుగులు అరిగి, ఏడు గదుల మైనమూ వాటికి అంటుకుని ఉంది. లోపలి వైపు ఇంకా వెచ్చగా ఉంది. బతికుండగా ఒక్కసారైనా తొడుక్కోని మనిషి ఇప్పుడు తొడుక్కున్నాడు. అపొలెనా ఆ జతను గుండెకు హత్తుకుని, మంచు కరిగినప్పటి నుంచి ఏడవలేని ఏడుపంతా అక్కడే ఏడ్చింది.

హినెక్ దొర మూడు ఆజ్ఞలలో ఒకదాన్ని ఆ రోజే రద్దు చేశాడు. అప్పటి నుంచి ఈ కోటలో మనుషుల్ని ముఖాలు చూసి, నోటితో అడిగి లెక్కపెడతారు. ఎదురుచూడటాన్ని వారి భాషలో చెకాట్ అంటారు. ఎదురుచూసే కోట కనుక దీనికి చెకాలోవ్ అని పేరు వచ్చింది. అపొలెనా ఎనభై ఏళ్ళు దాటేదాకా గుత్తి వదల్లేదు. ఏటా సెయింట్ మార్టిన్ పండుగకు పదమూడో జత కొత్తది కుట్టి పెట్టేది. పాత జత అడుగులు అప్పటికి పూర్తిగా అరిగిపోయేవి మరి. ఇప్పుడు ఆ పని జార్మిలా చేస్తోంది. అరిగిన జతలన్నీ సింహద్వారం పక్క గదిలో వరుసగా వేలాడదీసి ఉన్నాయి, అడిగితే చూపిస్తారు.

ఇక్కడికి వచ్చేవారు పాటించవలసిన నియమం ఒక్కటే. తిరుగు దారిలో ప్రతి గడప దగ్గరా జార్మిలా ఆగి అడుగుతుంది. ఎవరి జవాబు వారే చెప్పాలి, ఏ భాషలో చెప్పినా ఫరవాలేదు. ఒకరి తరఫున ఇంకొకరు చెప్పకూడదు. పోట్లాడి విడిపోయినవారు ఎవరైనా మనసులో ఉంటే, పాదాల దగ్గర నిలబడి వారి పేరు తలుచుకోవచ్చు. అలా తలుచుకుని ఇంటికి వెళ్ళి పలకరించినవారికి అవతలి నుంచి జవాబు వస్తుందని ఇక్కడి నమ్మకం.

ఆ మధ్య నరసరావుపేట నుంచి ఒక జంట వచ్చింది. రైల్లోనే ఏదో మాటా మాటా వచ్చి, మెట్ల పొడుగునా ఇద్దరూ మూతి ముడుచుకునే ఎక్కారు. తిరిగి వచ్చేటప్పుడు మూడో గడప దగ్గర జార్మిలా అడిగింది. భార్య విసుగ్గా, "మేమిద్దరం వచ్చాం, వెయ్యండి తాళం" అంది. జార్మిలా కదల్లేదు. ఆమె కళ్ళలోకి చూస్తూ అలాగే నిలబడింది. అప్పుడు గానీ ఆవిడ వెనక్కి తిరిగి చూసుకోలేదు. మొగుడు లేడు. వెనక గదిలో కిటికీ దగ్గర ఫోటోలు తీసుకుంటూ ఉండిపోయాడు. "ఏవండీ!" అని ఆవిడ పెట్టిన కేకకు అతను ఉన్ని జోళ్ళతో జారుతూ పరుగెత్తుకొచ్చి, ఆయాసపడుతూ "ఉన్నా, ఉన్నా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు, అతని చెయ్యి పట్టుకుని బయటిదాకా వదల్లేదు.

ఆ విడతలో టిక్కెట్లు పన్నెండు. ఆఖరి గడప దగ్గర పన్నెండు గొంతులూ పలికాయి. జార్మిలా ఇంకా తలుపు పట్టుకునే ఉంది. లోపల ఖాళీ గదిలో, చెక్క మీద, నెమ్మదిగా ఒక్క దెబ్బ వినపడింది. పదమూడు అని తలాడించి, ఆమె అప్పుడు తాళం వేసింది.